తాతయ్య మోటారు సైకిలు మళ్ళీ కదలాలంటే

మీ ఇంటి పెరట్లో, పశువుల కొట్టం మూల, గోనెపట్టాల కింద ఒక పాత మోటారు సైకిలు ఉందనుకుందాం. అది మీ తాతయ్యది. ఒకప్పుడు ఆయన దాని మీదే ఉద్యోగానికి వెళ్ళివచ్చేవారు. మీ నాన్నగారిని చిన్నప్పుడు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిరునాళ్ళకు తీసుకుపోయింది కూడా దాని మీదే. ఇరవై ఏళ్ళుగా అది కదలలేదు. తాతయ్యకు ఇప్పుడు డెబ్బయి ఎనిమిదేళ్ళు. బండి నడపలేరు. అయినా ఒక్కసారి దాని వెనక సీటు మీద కూర్చుని చెరువుగట్టు దాకా వెళ్ళిరావాలని ఆయన కోరిక.

"పాత ఇనుప సామాన్లవాడికి వేసేద్దాం" అని ఇంట్లో ఒకరంటారు. "బాగుచేద్దాం" అని మీరంటారు. ఎవరి మాట నెగ్గాలి? అది తేలాలంటే ముందు బండికి ఏమయిందో తెలుసుకోవాలి.

ఆ బండి జావా 250 అనుకుందాం. అప్పటి చెకొస్లొవేకియాలో 1929లో యానెచెక్ అనే ఇంజనీరు, వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుంచి మోటారు సైకిళ్ళ తయారీని తీసుకున్నాడు. ఆ రెండు పేర్ల మొదళ్ళూ కలిపితే వచ్చినదే ఈ పేరు. చెక్ భాషలో దాన్ని 'యావా' అని పలుకుతారు. మన దేశంలో 1961 నుంచి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం ఈ బండ్లను తయారుచేసింది. 1973 నుంచి వాటికి 'యెజ్డి' అని పేరు పెట్టారు. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. కాని అందులో పుట్టిన బండ్లు ఎన్నో ఇప్పటికీ మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. కాబట్టి మీ కోరిక అసాధ్యమైనదేమీ కాదు.

తుప్పు చేసే మాయ

గోనెపట్టా తీయగానే మొదట కనిపించేది తుప్పు. ఇనుము, గాలిలోని ఆక్సిజన్, తేమ - ఈ మూడూ కలిస్తేనే తుప్పు పుడుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు. అందుకే తేమగా ఉండే కొట్టం నేలకు దగ్గరగా ఉన్న భాగాలే ఎక్కువగా పాడవుతాయి.

ఇప్పుడు పానా తెచ్చి ఒక నట్టు విప్పబోయారు. కదలలేదు. ఎందుకని? ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న సన్నని సందులో అలా ఉబ్బిన తుప్పు మేకు దిగగొట్టినట్టు బిగుసుకుపోతుంది. బలం కొద్దీ తిప్పితే బోల్టు విరుగుతుంది. "సుత్తి పట్టుకోకండర్రా! ఇరవై ఏళ్ళు ఆగింది, ఇంకో రెండ్రోజులు ఆగలేదా?" అని తాతయ్య మంచం మీది నుంచే కేకవేస్తారు. ఆయన మాట వినండి.

కొంచెం ఇంజను నూనెలో కిరసనాయిలు కలిపి నట్టు చుట్టూ చుక్కలుగా వేయండి. దీపపు వత్తిలోకి నూనె ఎలా ఎగబాకుతుందో, ఆ సన్నని సందులోకి ఈ ద్రవం కూడా అలాగే పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటారు. ఒకటి రెండు రోజులు పోయాక నట్టును కొంచెం ముందుకూ, కొంచెం వెనక్కూ తిప్పుతూ విప్పాలి.

ఇంజనుకూ ఇదే వైద్యం. కిక్కు కొడితే కాలు దిగలేదంటే, సిలిండరులో పిస్టన్ పట్టేసిందన్నమాట. స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా నూనె పోసి రెండు రోజులు వదిలేయాలి. తరువాత బండిని పై గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేతులతో మెల్లగా అటూ ఇటూ కదిలించాలి. అప్పటికీ కదలకపోతే సిలిండరు విప్పక తప్పదు. ఆ పని మెకానిక్కుది.

అన్నట్టు, 'జావా 250' అంటే ఏమిటో లెక్క కట్టారా? సిలిండరు వ్యాసం 65 మి.మీ. పిస్టన్ కదిలే దూరం 75 మి.మీ. స్థూపం ఘనపరిమాణం సూత్రం మీకు తెలుసు. చేసి చూడండి. సుమారు 249 ఘన సెంటీమీటర్లు వస్తుంది. మన పిడికిలి ఇమిడేంత చోటు ఇద్దరు మనుషులను మోసుకుపోతుందన్నమాట!

మూడు ప్రశ్నలు

పిస్టన్ కదిలింది. కాని కిక్కు ఎంత కొట్టినా ఇంజను పలకడం లేదు. అప్పుడు అన్నీ ఒకేసారి విప్పకండి. మూడు ప్రశ్నలు ఒకటొకటిగా వేసుకోండి. ఒత్తిడి ఉందా? నిప్పురవ్వ పడుతోందా? పెట్రోలు అందుతోందా?

మొదట ఒత్తిడి. ట్యాంకులో పెట్రోలు పోయకముందే, తాళంచెవి తీసేసి, ప్లగ్గు విప్పిన రంధ్రాన్ని బొటనవేలితో మూయండి. మరొకరు కిక్కు నొక్కాలి. గాలి వేలిని గట్టిగా తోసేస్తే మంచిదే. జావా టూ స్ట్రోక్ బండి కనుక ఇంకో సంగతి కూడా చూడాలి. ఇందులో పెట్రోలు ఆవిరి కలిసిన గాలి ముందు పిస్టన్ కింది గదిలోకి వచ్చి, అక్కడి నుంచి పైకి పోతుంది. ఆ గదికి రెండు పక్కలా రబ్బరు సీళ్ళుంటాయి. ఏళ్ళు గడిస్తే రబ్బరు గట్టిపడి బీటలిస్తుంది. అక్కడ బయటి గాలి దూరితే ఇంజను సరిగా నడవదు, విపరీతంగా వేడెక్కుతుంది. కాబట్టి సీళ్ళు మార్పించాలి.

రెండోది నిప్పురవ్వ. బ్యాటరీ ఇచ్చేది ఆరు వోల్టులే. ప్లగ్గు కొనల మధ్య నిప్పురవ్వ ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. అవి ఎక్కడివి? కాయిలులో రెండు తీగచుట్లుంటాయి. ఒక చుట్టులో కరెంటు ఠక్కున ఆగితే రెండోదానిలో ఎక్కువ వోల్టేజి పుడుతుంది. ఇది 1831లో ఫారడే కనుక్కున్న విద్యుదయస్కాంత ప్రేరణే. ఆ కరెంటును అస్తమానం ఆపుతూ, వదులుతూ ఉండేవి 'పాయింట్లు'. వాటి మీద మసక పొర కడితే కరెంటు పారదు. సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, గుడ్డతో తుడిస్తే చాలాసార్లు ఇంజనుకు మళ్ళీ మాట వస్తుంది.

మూడోది పెట్రోలు. పెట్రోలు నిలవ ఉంటే తేలిక భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. అది కార్బురేటరులోని 'జెట్' అనే సన్నని రంధ్రాన్ని మూసేస్తుంది. గుండుసూది పెట్టి పొడవాలనిపిస్తుంది. పొడవకండి! రంధ్రం వ్యాసం 1 మి.మీ. నుంచి 1.1 మి.మీ.కు పెరిగిందనుకోండి. పెరిగింది పదోవంతే కదా అనిపిస్తుంది. కాని వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.1 వర్గం 1.21. అంటే రంధ్రం 21 శాతం పెద్దదయింది! జెట్‌ను ద్రావకంలో నానబెట్టి, గాలి పంపుతో ఊదాలి. అంతే.

టూ స్ట్రోక్ బండికి పెట్రోలులోనే నూనె కలపాలని మరవకండి. ఇంజను లోపలి భాగాలకు ఆ నూనే రక్ష. ఇరవై పాళ్ళకు ఒక పాలు చొప్పున అయితే 5 లీటర్లకు 250 మి.లీ. నూనె. మీ బండికి ఎంత కలపాలో దాని పుస్తకంలో చూడండి.

ట్యాంకు జాగ్రత్త

పెట్రోలు నిండా ఉన్న ట్యాంకు కన్నా 'ఖాళీ' ట్యాంకు ఎక్కువ ప్రమాదం. ఖాళీ అనుకున్నదానిలో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. చిన్న నిప్పురవ్వ చాలు, పేలడానికి. ఆ ఆవిరి గాలికన్నా బరువు కనుక నేల వెంబడి పాకుతుంది. అందుచేత ఈ పని ఆరుబయట, పొయ్యికీ అగ్గిపెట్టెకూ దూరంగా, పెద్దవాళ్ళ సమక్షంలోనే చేయాలి. నిప్పురవ్వ పరీక్ష కూడా పెట్రోలు దగ్గర చేయకూడదు.

ముందు ట్యాంకును సబ్బునీళ్ళతో చాలాసార్లు కడగాలి. తరువాత గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కరిగించి, నిండా పోసి, మూత వేయకుండా ఒకరోజు ఉంచాలి. అమ్మమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే ఎందుకు మెరుస్తుంది? చింతపండులోని ఆమ్లం లోహం మీది పొరను కరిగిస్తుంది. ఇక్కడా అంతే. నీళ్ళు పారబోశాక వంటసోడా నీళ్ళతో కడిగితే మిగిలిన ఆమ్లం విరిగిపోతుంది. వెంటనే ఎండలో ఆరబెట్టి, లోపల నూనె తిప్పాలి. ఆలస్యం చేస్తే గంటల్లోనే మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

కదలడం కన్నా ఆగడం ముఖ్యం

ఒక సాయంత్రం ఇంజను పలికింది. పొగ చిమ్మింది. తాతయ్య కర్ర ఊతంగా వాకిట్లోకి వచ్చారు. "ఇక పదండి, చెరువుగట్టుకు!" అని అందరికీ తొందర. ఆగండి. బ్రేకులు చూశారా?

వేగం రెట్టింపయితే బండిలోని గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక బండి ఎంత దూరంలో ఆగుతుందో, 60 వేగంలో దానికి నాలుగింతలు కావాలి. ఆ శక్తినంతా వేడిగా మార్చవలసినవి బ్రేకు షూలు. నూనె అంటినవి, గాజులా నునుపెక్కినవి ఆ పని చేయలేవు. పాత షూలలో రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా హాని. ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. షూలు కొత్తవే వేయించండి. టైర్ల మీద గాడులు లోతుగా కనిపించినా మోసపోవద్దు. ఇరవై ఏళ్ళకు రబ్బరు ఎండి పగిలి ఉంటుంది. వాటినీ మార్చాలి.

బండి కాగితాలు కూడా చూడాలి. సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది. పరీక్ష చేయించి మళ్ళీ పొందాలి. భీమా కావాలి. నడిపేది నాన్నగారే. పద్దెనిమిదేళ్ళు నిండేదాకా మీరు నడపకూడదు.

అన్నీ అయ్యాక రంగు మాటేమిటి? ట్యాంకు పక్కన తాతయ్య మోకాళ్ళు రాసుకుని రంగు వెలిసిన చోటు ఒకటుంటుంది. తుప్పును తీయండి, అది బండిని తింటుంది. ఆ మరక మాత్రం బండికి ఏ హానీ చేయదు. అది ఆయన చేసిన ప్రయాణాల లెక్క. దాని మీద పలచగా మైనం పూసి అలాగే ఉంచండి.

మీరే చేసి చూడండి

తుప్పు పట్టిన మూడు బోల్టులు తీసుకోండి. ఒకటి మంచినీళ్ళలో, రెండు చిక్కని చింతపండు పులుసులో ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నే పులుసులోని రెండింటినీ బ్రష్షుతో తోమి, కడిగి, తుడవండి. ఒకదానికి కొబ్బరినూనె రాయండి. రెండోదాన్ని అలాగే వదిలేయండి. మూడింటినీ తడిగుడ్డ పక్కన పెట్టి, వారం రోజులు చూసి రాసుకోండి.

తుప్పు తీయడం ఒక రోజు పని. రానివ్వకుండా చూడటం రోజూ చేసే పని. చెరువుగట్టు మీదికి వెళ్ళివచ్చాక కూడా బండిని నెలకోసారి తుడిచి, నూనె వేసి, కాసేపు నడిపించాలి. తాతయ్య అన్నాళ్ళు చేసింది అదే. ఇక ఆ వంతు మీది.