పాడిగేదెకు ప్రతిరూపము: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం పరిసర గ్రామములందు పాడిగేదె కుటుంబమునకు పెద్ద అండ. మంచి పాలిచ్చు గేదె ముసలిదైనపుడు, ఇటువంటిది మరల దొరుకునా యని రైతు దిగులుపడుట సహజము. దాని కడుపున పుట్టిన పెయ్య తల్లి యంతటిదగునన్న నిశ్చయము లేదు. ఏలయన దూడకు సగము గుణములు తల్లినుండియు, సగము తండ్రినుండియు వచ్చును. తల్లి యెంత మేలైనదైనను, దున్న నాసిరకమైనచో ఫలము తగ్గును.

ఒక జంతువునుండి దాని పోలికనే పుణికిపుచ్చుకొనిన వేరొక జంతువును పుట్టించు పద్ధతికి క్లోనింగ్ అని పేరు. దీనివలన మన పశుసంపదకు మేలెంత గలదో, ఎంత లేదో ఇచట వివరించుచున్నాము.

పద్ధతి యెట్టిది?

మేలైన పశువు చర్మమునుండి చిన్న ముక్కను తీసి, అందలి కణములను ప్రయోగశాలలో పెంచుదురు. వేరొక పశువు అండమునుండి కేంద్రకమును తొలగింతురు. వంశలక్షణములు ప్రధానముగా నుండునది ఈ కేంద్రకమునందే. అట్టి అండముతో చర్మకణమును చేర్చి, స్వల్ప విద్యుత్తుచే రెంటిని ఏకము చేయుదురు. ఇట్లేర్పడిన పిండమును సుమారొక వారము పెంచి, మరియొక పశువు గర్భమునందుంతురు. ఆ తల్లి దూడను మోయును గాని తన పోలిక నీయదు.

ఇంతవరకు జరిగినది

1996 జూలై 5వ తేదీన స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో డాలీ యను గొఱ్ఱెపిల్ల ఇట్లు పుట్టినది. 277 అండములపై యత్నింపగా దక్కినది ఇదొక్కటియే. కోతులలో ఈ పని మరింత కష్టమైనది. 2017 చివర చైనాలోని షాంఘై శాస్త్రజ్ఞులు రెండు కోతిపిల్లలను పుట్టించుటకు 79 పిండములను 21 తల్లికోతుల గర్భములందు నిలుపవలసివచ్చినది. రోగముల పరిశోధనకు ఉపయోగించుట వారి ఉద్దేశము. మనుష్యులను ఈ రీతిగా పుట్టించుటను మన దేశపు పరిశోధనా నిబంధనలు నిషేధించుచున్నవి.

మన దేశమున హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థ గేదెలపై కృషి చేసినది. 2009 ఫిబ్రవరి 6న పుట్టిన సంరూప కొలది దినములకే మరణించినది. అదే సంవత్సరము జూన్‌లో గరిమ పుట్టినది. 2010 ఆగస్టులో పుట్టిన రెండవ గరిమ పెరిగి పెద్దదై, 2013 జనవరిలో మహిమ యను పెయ్యను ఈనినది. క్లోనింగ్ వలన పుట్టిన గేదెయు చూడి కట్టి ఈనగలదని దీనివలన తేలినది. 2023 మార్చిలో గంగ యను గిర్ దూడ పుట్టినది. దీనికి కణము గిర్ ఆవుది, అండము సాహివాల్ ఆవుది, గర్భము సంకరజాతి ఆవుది.

హైదరాబాదు నేర్పిన పాఠము

భారతదేశమున అంతరించిన చీతాను క్లోనింగ్ ద్వారా తిరిగి పుట్టింపవలెనని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు సంకల్పించిరి. ఇరాను సమ్మతింపనందున ఆ యత్నము సాగలేదు. తుదకు 2022లో నమీబియానుండి బ్రతికియున్న చీతాలనే తెచ్చిరి. అయితే అదే సంస్థవారు కృత్రిమ గర్భధారణచే 2006లో చుక్కలదుప్పి పిల్లను, 2007లో కృష్ణజింక పిల్లను పుట్టించిరి. గొప్ప యత్నము నిలిచిపోయిన చోట, తెలిసిన పద్ధతి ఫలించినది.

మన కర్తవ్యము

పల్లెలలోని ప్రతి గేదెకును ప్రతిరూపము చేయుట సాధ్యమును గాదు, శ్రేయస్కరమును గాదు. మందయంతయు ఒకే పోలికదైనచో, ఒకదానిని కూల్చిన తెగులు అన్నిటిని కూల్చవచ్చును. మేపు, నీరు, ఆరోగ్యము సరిగా లేనిచో ఎంతటి ప్రతిరూపమైనను పాలీయదు. ఈ విద్య పల్లెను చేరదగిన మార్గము మేలైన దున్నల ప్రతిరూపములనుండి లభించు వీర్యమే. దానిని వినియోగించునదియు మన మెరిగిన కృత్రిమ గర్భధారణ పద్ధతియే.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు పంచాయతీల కప్పగింపదగిన విషయములలో పశుపోషణను, పాడిని చేర్చినది. కావున సభ్యులు ఈ క్రింది విషయములపై శ్రద్ధ వహింపవలెను.

1. ఉదయము ఎదకు వచ్చిన గేదెను సాయంకాలమునను, సాయంకాలము ఎదకు వచ్చినదానిని మరునాటి ఉదయమునను చూడి కట్టించవలెనని రైతులకు తెలుపుట.

2. ఏ గేదెకు ఏ దున్న వీర్యము వాడిరి, ఎప్పుడు ఈనినది, పాలెన్ని యన్న లెక్క వ్రాయించుట. లెక్క లేనిదే మేలైన పశువేదో తెలియదు.

3. నాసిరకపు దున్నలను మందలో విడువకుండ చూచుట.

4. గాలికుంటు, గొంతువాపు వ్యాధులకు టీకాలు వేయించు దినమును ముందుగా చాటింపు వేయించుట.

క్లోనింగ్ పేరు చెప్పి అధిక పాలకు హామీ యిచ్చి ఎవరైన సొమ్మడిగినచో, పశువైద్యుని విచారింపక ఒక్క రూపాయియు నీయరాదని గ్రామసభలో హెచ్చరింపుడు. ప్రయోగశాలలో వందల యత్నములకు ఒకటి రెండు దూడలు దక్కవచ్చును. మన పశువులపాకలో సకాలమున చూడి కట్టించిన గేదె, లెక్క వ్రాసిన పుస్తకము, వేయించిన టీకా ఏటేటను ఫలమిచ్చును.