మరిది కుటుంబం చెన్నై నుంచి వస్తోంది... మామగారికి షుగర్!

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు, జూన్ 2020

ప్రశ్న: మాది కొత్తపట్నం. జూన్ 1 నుంచి మా ఆయన మళ్లీ వేటకు వెళ్తున్నారు. మామగారికి 68 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. చెన్నైలో ఉండే మా మరిది పనుల్లేక భార్యాపిల్లలతో వచ్చేస్తున్నాడు. మాకున్నవి రెండు గదులు, ముందు వసారా. కరోనా భయంతో పిల్లల్ని తాతకు దూరంగా ఉంచుదామంటే అత్తమ్మ ఒప్పుకోవడం లేదు. ‘మూడు నెలలైంది చూసి, ముట్టుకోకుండా ఎట్టా ఉంటాం’ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కొత్తపట్నం

జవాబు: అమ్మా, మీ అత్తగారి బాధ న్యాయమైనదే. పద్నాలుగు రోజులు ఓపిక పట్టమని నా మాటగా చెప్పండి. కోడలు చెబితే తప్పవుతుంది గానీ డాక్టరు చెబితే కాదు.

దారిలో పరీక్ష చేశారు, ఏమీ లేదన్నారు అని మీ మరిది అనవచ్చు. అది అబద్ధం కాదు, అలాగని భరోసా కూడా కాదు. వైరస్ సోకాక లక్షణాలు రెండు రోజుల్లో కనపడొచ్చు, పద్నాలుగు రోజులూ పట్టొచ్చు. ఎక్కువమందిలో అయిదారు రోజులకు బయటపడతాయి. మరీ తొందరగా తీసిన శాంపిల్‌లో దొరకదు. జ్వరం రావడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకోగలదు. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌కు వెళ్లొచ్చినవాళ్ల ద్వారా మన పక్కనున్న నెల్లూరు జిల్లాకు కేసులు ఎలా పాకాయో చూశాం కదా.

వచ్చినవాళ్లకు కిటికీ ఉన్న గది ఇచ్చేయండి. మామగారి మంచం వసారాలో వేయండి. అంతటి సముద్రపు గాలి ఒంగోల్లో నాకే లేదు! స్నానాల గది ఒకటే అయితే ముందు పెద్దవాళ్లు, చివర వచ్చినవాళ్లు, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగడం. ఖరీదైన ద్రావణాలేవీ కొనకండి. వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరను మామూలు సబ్బే కరిగిస్తుంది. పిల్లలు వాకిట్లో, తాత మంచం మీద, మధ్య ఆరడుగులు... కబుర్లకు అడ్డేమీ లేదు. పిల్లలకు సాధారణంగా ఇది తేలిగ్గా పోతుంది, నా భయమూ అక్కడే. కాస్త ముక్కు కారితే ఎవరు పట్టించుకుంటారు?

మీరు అడగలేదు గానీ, మీ వారి సంగతీ చెప్పాలి. ఏటా 61 రోజులుండే వేట నిషేధాన్ని ఈసారి 47 రోజులకు కుదించి మే 31తో ముగించారు. పడవ మీద గాలైనా ఆడుతుంది. ఒడ్డున చేపల గుట్ట చుట్టూ భుజాలు రాసుకుంటూ నిలబడి గట్టిగా వేలంపాట పాడే చోటే ప్రమాదం. అరిస్తే తుంపర్లు ఎక్కువ పడతాయి. ఉప్పునీళ్లకు తడిసిన తువ్వాలు మూతికి చుట్టుకుంటే లాభం లేదు. పొడి మాస్కు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టివ్వండి, ఒడ్డుకు రాగానే కట్టుకుంటారు. ఒకే సీసా నీళ్లు, ఒకే బీడీ నలుగురూ పంచుకోవడం మానాలి.

వీటన్నిటికన్నా ముఖ్యం మామగారి మాత్రలు. పోయినవారం నా దగ్గరకు ఒక పెద్దాయన వచ్చారు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పితే, బ్లేడుతో సగానికి కోసిన షుగర్ మాత్రలు! ‘బస్సుల్లేవు గదయ్యా, సర్దుకున్నా’ అన్నారు. షుగర్ 340 ఉంది. పేరు పక్కన ‘ఎస్ఆర్’ అని ఉన్న మాత్రను విరగ్గొట్టకూడదు, అది కొంచెం కొంచెంగా కరగాల్సిన మందు. మామగారు ఎన్ని పూటలు మానేశారో కోప్పడకుండా అడగండి, నిజం చెబుతారు. ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. షుగర్ అదుపులో లేనివారికి కరోనా వస్తే తట్టుకోవడం కష్టం.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో నలభై రోజులు మా ఆయన మందు ముట్టలేదు. మే 4న షాపులు తెరిచారు, మళ్లీ మొదలు. రేటు పెరిగిందని ఆ కోపమూ మా మీదే. పిల్లలు బెదిరిపోతున్నారు.

జవాబు: 75 శాతం పెంచినా మానలేదంటే అది జబ్బమ్మా, బుద్ధి కాదు. నలభై రోజులు మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు, అదొక ప్రమాదం. రోజూ తాగుతూ ఒక్కసారిగా ఆపినప్పుడు చేతులు వణికినా, లేనివి కనబడుతున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానిపించడానికి మందులున్నాయి, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. చెయ్యి చేసుకుంటే మాత్రం జబ్బని ఓర్చుకోవద్దు. 181కి గానీ 100కి గానీ ఫోన్ చేయండి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదో నెలలో వేయాల్సిన టీకా లాక్‌డౌన్ వల్ల తప్పింది. ఇప్పుడు పదకొండో నెల. మొదటి నుంచీ వేయించాలా?

జవాబు: అక్కర్లేదు. వేసినవి వేసినట్టే, తప్పిన తట్టు–రుబెల్లా టీకా ఇప్పుడు వేయించండి. మీ ఏఎన్ఎమ్మను అడిగి టీకాల రోజు కనుక్కోండి. వెళ్లేటప్పుడు పాప కార్డు మరిచిపోకండి.