పెరటి షెడ్డుకు విద్యుత్తు: తీగ లాగడానికి ముందు

బెంగళూరు పాత పేటలలో ఇంటి వెనుక పదడుగుల జాగా మిగిలినచోట తరచు ఒక రేకుల షెడ్డు కనబడుతుంది. ఒకదానిలో కుట్టుమిషను, మరొకదానిలో దోసెపిండి రుబ్బే గ్రైండరు, ఇంకొకదానిలో నీటి మోటారు, పాత సామాను. షెడ్డు వేయడానికి వారాలు పడుతుంది. దానికి కరెంటు మాత్రం ఒక్క పూటలో వస్తుంది. వంటింటి స్విచ్చిబోర్డు నుండి రెండు పోగుల తీగ తీసి, కిటికీ ఊచల మధ్యగా పోనిచ్చి, బట్టలు ఆరవేసే దండేనికి చుట్టి, షెడ్డులో బల్బు వెలిగించడమే సాధారణంగా జరిగే పని.

దండెం ఇనుప తీగ అయినప్పుడు ఈ ఏర్పాటు ప్రాణాంతకమవుతుంది. ఎండకు తీగపై ప్లాస్టిక్ తొడుగు పెళుసుబారుతుంది. గాలికి ఊగినప్పుడల్లా ఇనుముతో రాసుకొని అరుగుతుంది. లోపలి రాగి ఏదో ఒకచోట బయటపడిననాడు దండెమంతటా 230 వోల్టులు ప్రవహిస్తాయి. తడి బట్ట ఆరవేయబోయిన చేతికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. అందుచేత దండేనికి గాని, రేకులకు గాని, ఇనుప గేటుకు గాని విద్యుత్తు తీగను కట్టడం ఎంతమాత్రమూ తగదు. అతుకు వేసి టేపు చుట్టిన తీగను ఆరుబయట వాడడమూ అంతే.

తీగ మందం షెడ్డులో వాడే యంత్రాలను బట్టి, దూరాన్ని బట్టి నిర్ణయమవుతుంది. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే సుమారు 4.3 ఆంపియర్లు తీసుకొంటుంది. మోటారు ఉన్న గ్రైండరు నడకలో తీసుకొనేదానికి కొన్ని రెట్లు మొదటి క్షణంలో లాగుతుంది. మొత్తం 10 ఆంపియర్లు, దూరం 30 మీటర్లు అనుకొందాము. కరెంటు పోయి తిరిగి రావాలి గనుక లెక్కకు వచ్చే పొడవు 60 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఆ దారిన 7 వోల్టులకు పైగా నష్టపోతాయి, 2.5 తీగలో నాలుగున్నర వోల్టులు మాత్రమే. ఇటువంటి షెడ్డుకు 2.5 కంటె సన్నని తీగ కొనడం పొదుపు కాదు. దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ ఇంటి ప్రధాన బోర్డులో విడిగా ఉండాలి. వంటింటి ప్లగ్గుతో పంచుకోరాదు.

గోడ వెంబడి దారి ఉన్నట్లయితే గట్టి పైపులో తీగ పోనివ్వడం సులభమార్గం. నేల దాటవలసి వస్తే ఉక్కు కవచమున్న కేబులు తీసుకొని, 75 సెంటీమీటర్ల లోతు కందకంలో ఇసుక పరచి, దానిపై కేబులు, మళ్లీ ఇసుక, ఆపైన ఇటుకల వరుస పేర్చి మన్ను కప్పాలి. ఇటుకలు అలంకారం కాదు. ఐదేళ్ల తరువాత అరటిపిలకకు గుంత తవ్వేవాని గడ్డపార మొదట తగలవలసినది వాటికే.

అందరూ చులకనగా చూసేది, అసలు కీలకమైనది ఎర్తింగు. భూసంపర్కమని పుస్తకాలలో పేరున్నా మేస్త్రీల నోట అది ఎర్తింగే. షెడ్డు పక్కన ఒక ఇనుప కడ్డీ పాతి, ఆకుపచ్చ తీగ బిగిస్తే సరిపోతుందన్న నమ్మకం విస్తారంగా ఉంది. లెక్క వేస్తే అది నిలవదు. ఎండిన నేలలో ఆ కడ్డీ నిరోధం 20 ఓములు అనుకొందాము. గ్రైండరు లోపల ఫేజు తీగ ఊడి పైతొడుగుకు తగిలితే భూమిలోకి పోయేది 230ని 20తో భాగించగా వచ్చిన 11.5 ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు వాడకంలాగే కనబడుతుంది; అది పడిపోదు. గ్రైండరు నడుస్తూనే ఉంటుంది, దాని తొడుగు కరెంటుతోనే ఉంటుంది, కింద నేల పిండినీళ్లతో తడిసి ఉంటుంది. కనుక ఇంటి ఎర్తు తీగ మూడవ పోగుగా కేబులుతోపాటే షెడ్డుకు రావాలి. కేబులు ఉక్కు కవచాన్నీ, షెడ్డు ఇనుప చట్రాన్నీ దానికే కలపాలి.

అప్పుడు కూడా ఆర్సీసీబీ లేకుండా పని పూర్తయినట్లు కాదు. ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రలులో తిరిగివచ్చిన కరెంటు సమానమేనా అని అది నిరంతరం పోల్చిచూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే, అనగా ఆంపియరులో వందకు మూడు వంతులు దారి తప్పితే, సెకనులో స్వల్పభాగంలోనే సరఫరా తెంచివేస్తుంది. దానిని షెడ్డులో గాక ఇంటి బోర్డులోనే పెట్టించడం మేలు. మధ్యనున్న కేబులుకూ రక్షణ కలుగుతుంది. ఒక పరిమితి ఉన్నది: ఫేజును, న్యూట్రలును రెండు చేతులా పట్టుకొన్నవానిని అది గుర్తించలేదు. దానిమీది పరీక్ష బొత్తాన్ని నెలకొకసారి నొక్కి చూడాలి; పడిపోకుంటే మార్పించాలి. వానాకాలంలో పదేపదే పడిపోతున్నదని దానిని తప్పించి నేరుగా కలిపించుకొనేవారున్నారు. పడిపోవడమే దాని ఉద్యోగం. ఎక్కడో తడి చేరినదని అది చెప్పుతున్నది.

బల్బు, ఫ్యాను, స్విచ్చి మార్చుకోవడం వేరు, కొత్త లైను వేయడం వేరు. రెండవది లైసెన్సు ఉన్న విద్యుత్ కాంట్రాక్టరు ద్వారానే జరగాలని నిబంధన. అద్దె ఇంటివారు యజమాని సమ్మతి కాగితంమీద తీసుకోవడం మంచిది.

షెడ్డులో వ్యాపారం సాగుతున్నట్లయితే మరొక విషయం చూసుకోవాలి. గృహావసరానికని తీసుకొన్న కనెక్షనును వ్యాపారానికి వాడితే, 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద వర్తించే ధరకు రెట్టింపు చొప్పున వసూలు చేయవచ్చును. గ్రైండరు బిగించడానికి ముందే సమీప బెస్కాం ఉపవిభాగ కార్యాలయంలో తమ వాడకం ఏ తరగతి కిందికి వస్తుందో, మంజూరైన లోడు చాలునో లేదో అడిగి తెలుసుకోవాలి. సరఫరాకు సంబంధించిన ఫిర్యాదులకు 1912 నంబరు ఉన్నది. ఎవరికైనా షాకు తగిలితే ముందుగా మెయిను ఆపి, ఆ తరువాతనే మనిషిని తాకి, 108కి ఫోను చేయాలి.