పెట్ట కూర్చుండిపోయిందా? పొదుగు అనుకునే ముందు చూడాల్సినవి

పెరట్లో తిరిగే కోడిపెట్ట ఉన్నట్టుండి మేత తగ్గించి, ఓ మూల ఒదిగి కూర్చుంటే ఇంట్లోవాళ్లు ముందుగా అనుకునేది ‘పొదుగుకు వచ్చింది’ అని. నాటుకోడి విషయంలో ఈ అంచనా చాలాసార్లు సరైనదే. అది పది పదిహేను గుడ్లు పెట్టి, ఆ తర్వాత వాటి మీద కూర్చుంటుంది. అయితే కొన్నేళ్లుగా పల్లె పెరళ్లలోకి మరో రకం కోళ్లు కూడా వచ్చాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వాటిలో బాగా తెలిసినవి. ఇలాంటి మెరుగుపరిచిన రకాల్లో పొదిగే గుణం చాలా తక్కువ. అలాంటి పెట్ట రోజంతా కదలకుండా కూర్చుందంటే పొదుగు కంటే ముందు జబ్బును అనుమానించాలి. వెతకాల్సిన చోట్లలో మొదటిది గుడ్డు తయారయ్యే దారి.

కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి ఏడాదికి పది పదిహేను గుడ్లు పెడుతుంది. నాటుకోడి సుమారు 50–60, పెరటి పెంపకంలో వనరాజా 100–110, గ్రామప్రియ 160–180 దాకా పెడతాయి. ఫారాల్లోని లేయర్ కోళ్లయితే 300 దాటుతాయి. అంకె ఇంతగా పెరిగింది కానీ గుడ్డు తయారయ్యే ఏర్పాటు మారలేదు. పిండదశలో రెండు వైపులా మొదలయ్యే అండాశయాల్లో ఎడమదే పూర్తిగా ఎదుగుతుంది. ఉన్న ఆ ఒక్క అండాశయం, ఒక్క అండవాహికే మొత్తం పని చేయాలి.

అండాశయం నుంచి విడుదలైన పచ్చసొనను గరాటులాంటి అండవాహిక మొదటి భాగం అందుకుంటుంది. సుమారు మూడు గంటల్లో దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది. మరో గంటకు పైగా సమయంలో పలుచని పొరలు ఏర్పడతాయి. ఆ తర్వాత దాదాపు 20 గంటలు గుడ్డు పెంకు గ్రంథిలోనే ఉంటుంది. మొత్తం కలిపి 24 నుంచి 26 గంటలు. అంటే గుడ్డు తయారీలో అత్యధిక సమయం పట్టేది మనం పగలగొట్టి పారేసే పెంకుకే.

ఆ పెంకు బరువు ఐదారు గ్రాములు. అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. ఒక్కో గుడ్డుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. పెట్ట మొత్తం అస్థిపంజరంలో ఉండేది సుమారు 20 గ్రాములు. గుడ్డు గుడ్డుకూ తన ఎముకల్లోని కాల్షియంలో పదో వంతు పోసినంత లెక్క. మేతలో సరిపడా దొరక్కపోతే నిజంగానే ఎముకల నుంచి తీస్తుంది. గుడ్లు పెట్టే పక్షుల ఎముకల లోపల ఇందుకోసమే ఒక ప్రత్యేకమైన మెత్తటి ఎముక ఏర్పడుతుంది. అది చాలకపోతే అసలు ఎముకలు గుల్లబారతాయి.

నూకలు, జొన్నలు, మొక్కజొన్న, తవుడు తిని తిరిగే పెట్టకు ఈ కాల్షియం ఎక్కడిది? గింజల్లో ఉండేది నామమాత్రం. నత్తలు, పురుగులు, ఆకులు కొంత పూరిస్తాయి. ఏడాదికి 50 గుడ్లు పెట్టే నాటుకోడికి ఇది సరిపోవచ్చు. 160 గుడ్ల పెట్టకు చాలదు. అందుకే గుడ్లు పెట్టే ఒక్కో కోడికి రోజుకు నాలుగైదు గ్రాముల సున్నపురాతి పొడి గానీ, ఆల్చిప్పల ముక్కలు గానీ విడిగా పెట్టమని నిపుణులు చెబుతారు. పెంకు ఎక్కువగా ఏర్పడేది రాత్రిపూట కాబట్టి సాయంత్రం పెట్టడం మంచిది. పొడి కంటే చిన్న ముక్కలైతే కందనకాయలో నెమ్మదిగా కరుగుతూ రాత్రంతా కాల్షియం అందిస్తాయి. తమలపాకుకు రాసే తడి సున్నం మాత్రం పెట్టకూడదు, అది ఘాటైన క్షారం, నోరు కాలుతుంది. ఇంకా గుడ్లకు రాని పిల్లలకు ఈ మోతాదు పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఎండాకాలంలో మేత బాగానే ఉన్నా పెంకు పలుచబడటం చాలామంది గమనించే ఉంటారు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడిని వదిలించుకుంటుంది. రొప్పినప్పుడు ఊపిరితో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. పెంకులోని కార్బొనేట్ తయారయ్యేది రక్తంలోని ఆ కార్బన్ డయాక్సైడ్ నుంచే. దాంతో ముడిసరుకు తగ్గుతుంది, రక్తంలో క్షారగుణం పెరిగి వాడుకోదగ్గ కాల్షియం కూడా పడిపోతుంది. మే నెలలో నీడ, చల్లటి నీళ్లు చేసే మేలు ఏ టానిక్కూ చేయదు.

గుడ్డు అడ్డుపడితే

కాల్షియం తక్కువైతే దెబ్బ పెంకుతో ఆగదు. గుడ్డును బయటికి నెట్టే కండరాలు ముడుచుకోవడానికీ అదే కావాలి. కండరాలకు బలం చాలకపోయినా, గుడ్డు మరీ పెద్దదైనా, పెట్ట బాగా కొవ్వు పట్టినా గుడ్డు దారిలో ఇరుక్కుపోతుంది. కొత్తగా గుడ్లకు వచ్చిన చిన్న పెట్టల్లో ఇది ఎక్కువ. పగటి వెలుతురు పెరిగితే కోడి త్వరగా గుడ్లకు వస్తుంది, ఆ వెలుతురును కళ్లే కాదు, పుర్రె గుండా నేరుగా మెదడు కూడా గ్రహిస్తుంది. ఒళ్లు ఎదగకముందే రాత్రి లైట్లు వేసి గుడ్లకు తొందరపెడితే ఇరుక్కోవడం, అండవాహిక చివరి భాగం బయటికి జారడం లాంటివి జరుగుతాయి. జారిన ఎర్రటి భాగాన్ని తోటి కోళ్లు పొడుస్తాయి కాబట్టి ఆ పెట్టను వెంటనే విడిగా గంప కింద పెట్టాలి.

పొదుగుకు, ఈ జబ్బుకు తేడా చూపు పెడితే తెలుస్తుంది. పొదిగే పెట్ట గూట్లో పరుచుకుని కూర్చుంటుంది. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, పొడవబోతుంది. రోజుకు ఒకసారైనా లేచి తిని, తాగి, పెద్ద రెట్ట వేసి మళ్లీ వెళ్తుంది. గుడ్డు ఇరుక్కున్న పెట్టకు ఆ కోపం ఉండదు. తోక దించి, ఒళ్లు నిటారుగా పెట్టి, కాళ్లు ఎడంగా వేసి నిలబడుతుంది, మాటిమాటికీ ముక్కుతుంది. తురాయి పాలిపోతుంది. పట్టుకోబోయినా పెద్దగా ప్రతిఘటించదు.

అలాంటి పెట్టను వెచ్చటి, చీకటి, చడీచప్పుడు లేని చోట ఉంచి ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించాలి. కాల్షియం సూది అవసరమా లేదా అన్నది ఆయన నిర్ణయిస్తారు. పొట్ట నొక్కి గుడ్డును తీసే ప్రయత్నం ఇంట్లో చేయనే కూడదు. లోపల పగిలిన పెంకు అండవాహికను చీలుస్తుంది, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ మొదలవుతుంది.

మరో సమస్య ఇంత స్పష్టంగా బయటపడదు. పచ్చసొన అండవాహికలోకి కాకుండా పొట్టలోకి జారుతుంది. ఒకటీ అరా అయితే శరీరమే పీల్చుకుంటుంది. ఈకోలై బ్యాక్టీరియా తోడైతే అది చీము పట్టి పొట్టంతా వాస్తుంది. పెట్ట గుడ్లు మానేస్తుంది, పొట్ట కిందికి వేలాడుతుంది, బాతులా నడుస్తుంది. చాలాసార్లు సంగతి పోస్టుమార్టంలోనే తేలుతుంది. యాంటీబయాటిక్ వాడితే ఒక జాగ్రత్త ఉంది. పచ్చసొన అండాశయంలో వారం పది రోజుల పాటు పెరుగుతుంది, మందు అందులో చేరవచ్చు. కాబట్టి మందు ఆపాక కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదు, అమ్మకూడదు.

ఇవన్నీ ఒక్కో కోడికి వచ్చేవి. మందలో చాలా కోళ్లు ఒకేసారి గుడ్లు తగ్గించినా, వంకర పెంకులో తోలుగుడ్లో పెట్టినా అంటువ్యాధిని అనుమానించాలి. కొక్కెర తెగులు, ఇన్‌ఫెక్షస్ బ్రాంకైటిస్ రెండూ శ్వాసతో పాటు గుడ్డు దారినీ దెబ్బతీస్తాయి. బ్రాంకైటిస్ పిల్లల వయసులోనే సోకితే అండవాహిక సరిగా ఎదగకపోవచ్చు. ఆ పెట్ట పెద్దదై ఆరోగ్యంగా కనిపిస్తుంది, గూట్లో కూర్చుని లేస్తుంది, గుడ్డు మాత్రం ఉండదు. దానికి చికిత్స లేదు, టీకాలే దారి. కోళ్లు వరసగా చనిపోతుంటే వాటిని ఇంట్లో కోసి చూడకూడదు, బర్డ్ ఫ్లూ అయ్యే అవకాశం ఉంటుంది. పశువైద్యశాలకు చెప్పాలి.

వైద్య పరిశోధకులకు పెట్ట మరో కారణంగా ముఖ్యం. మనుషుల్లాగే దానికీ అండాశయ క్యాన్సర్ దానంతటదే వస్తుంది, రెండేళ్లు దాటాక ఎక్కువగా కనిపిస్తుంది. పరిశోధనల్లో వాడే చాలా జంతువుల్లో ఇది అరుదు. అండం విడుదలైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి మళ్లీ అతుక్కుంటుంది. ఎడతెగని ఈ గాయాలే క్యాన్సర్‌కు దారి తీస్తాయని ఈజిప్టు వైద్యుడు మహమూద్ ఫతల్లా 1971లో ప్రతిపాదించారు. కోళ్లలో జరిగిన ప్రయోగాలు దీనికి కొంత బలం ఇచ్చాయి: మేత తగ్గించి గుడ్లు తగ్గించిన పెట్టల్లో కణితులు తక్కువగా కనిపించాయి. నాటుకోడి పొదిగేటప్పుడు ప్రొలాక్టిన్ హార్మోన్ పెరిగి అండాశయం ముడుచుకుంటుంది. పొదిగే మూడు వారాలూ, ఆ తర్వాత పిల్లలను తిప్పుకునే రోజుల్లోనూ గుడ్డు ఉండదు. పొదుగు పోయిన రకాలకు ఆ విరామం ఈకలు రాల్చే కాలంలోనే దొరుకుతుంది. ఆ రోజుల్లో గుడ్లు ఆగాయని పెట్టను గుడ్లకు తొందరపెట్టకుండా, ఈకలు తిరిగి వచ్చేదాకా మాంసకృత్తులున్న మేత పెడితే చాలు.