హ్యాచ్‌బ్యాక్‌ను మార్చాలంటే ముందు ఆర్‌సీ తీయండి

హిందూపురం నుంచి బెంగళూరు జేసీ రోడ్డు ఎంతో దూరం కాదు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి సైలెన్సరు, అల్లాయ్ చక్రాలు, హారను సంచిలో వేసుకుని రావచ్చు. తెచ్చినవన్నీ పాత స్విఫ్టుకో పోలోకో బిగించవచ్చా అన్నదే ప్రశ్న. పెనుకొండ, ధర్మవరం కుర్రాళ్లకూ అదే సందేహం.

బండి నాది, డబ్బు నాది. నా ఇష్టమొచ్చినట్టు మార్చుకోకూడదా?

కూడదు. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. మార్పుకు వీలిచ్చే రాష్ట్ర నిబంధన ఉందన్న వాదన కూడా అక్కడ నిలవలేదు.

కాబట్టి ప్లాను గీసేటప్పుడు ఆర్‌సీ పక్కన పెట్టుకోండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, సీసీ, ఇంధనం, వీల్‌బేస్, సీట్ల సంఖ్య, బరువు, రంగు అన్నీ రిజిస్ట్రేషన్ వివరాలే. తేలికగా ఉంటుందని వెనక సీటు పీకేసినా సీట్ల లెక్క తప్పినట్టే.

పెద్ద ఇంజిన్ ఎక్కించవచ్చా?

రోడ్డు మీద తిరిగే బండికి వద్దు. పాడైన ఇంజిన్ స్థానంలో అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ పెట్టుకోవాలంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ కొంటే బిల్లు భద్రం. బిల్లు లేని ఇంజిన్ దొంగబండిదైతే పోలీసుల ముందు సమాధానం చెప్పాల్సింది మీరే.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకు చట్టమే దారి ఇచ్చింది. కాకపోతే కిట్ ఆమోదం పొందినదై ఉండాలి, అధీకృత కేంద్రంలో బిగించాలి, ఇంధనం మార్పు ఆర్‌సీలో పడాలి. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష తప్పదు.

ఇంజిన్ మార్పిడి మోజు ఎంతకీ తీరదంటే ట్రాక్ కోసమే ఒక బండి కట్టండి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి. అక్కడికి లారీ మీద తీసుకెళ్లాలి, 44వ నంబరు హైవే మీద నడుపుకుంటూ కాదు.

దొరికితే ఎంత పడుతుంది?

2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. "ఒక్కో మార్పుకు" అన్న మాటను మనవాళ్లు పట్టించుకోరు. అనుమతి లేని మార్పులు మూడుంటే లెక్క 15,000కు చేరుతుంది. ఇక శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుపై వేటు. పేలుడు శబ్దం చేసే సైలెన్సరు మీద మోజుపడేవారు ఈ లెక్క చూసుకోవాలి.

అద్దాలు, లైట్లు, హారను, రంగు?

ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. ముందు స్పాట్ లైట్లు, రాగాలు తీసే హారన్లు నిషేధం. రంగు మార్చాలంటే ఆర్‌సీలోనూ మార్పించాలి. మిలటరీ ఆకుపచ్చ మాత్రం రక్షణ శాఖ వాహనాలకే.

మరి ఏం చేసుకోవచ్చు?

ఆకర్షణ తక్కువైనా అసలు పని ఇక్కడే ఉంది. పాత హ్యాచ్‌బ్యాక్‌లో షాకులు, బుష్‌లు, ఇంజిన్ మౌంట్లు, బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు కొత్తవి వేయించండి. సగం బడ్జెట్ దీనికే పోతుంది, పోనివ్వండి. అదే మోడల్ పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే చక్రాల సైజు దాటకండి. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ మీ ఇష్టం. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించడం వద్దే వద్దు. గుంటలో పడ్డప్పుడు స్ప్రింగు తన చోటి నుంచి జారిపోవచ్చు.

కర్ణాటక నంబరు బండి కొన్నాను. అలాగే తిప్పొచ్చా?

వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ముందు అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, తర్వాత ఇక్కడ లైఫ్ టాక్సు. ఈ పని ముగిశాకే రెంచీ పట్టండి. బండి చూసే బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు కాగితంలో ఉన్నదే ఎదురుగా కనబడాలి.

ఇన్సూరెన్స్?

బిగించినవి బీమా కంపెనీకి చెప్పి, పాలసీలో చేర్పించి, ప్రీమియం కట్టండి. చెప్పకుండా పెట్టిన గ్యాస్ కిట్ క్లెయిము దగ్గర చిక్కు తెస్తుంది. బండి హైర్ పర్చేజ్‌లో ఉంటే ఆర్‌సీలో యజమానిగా ఉన్నవారి రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా ఏ మార్పూ చేయకూడదు.

బెంగళూరు దుకాణం నకిలీ సరుకు అంటగట్టింది. అక్కడికే పోయి కొట్లాడాలా?

అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటు ఏ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి చూడండి. జీఎస్‌టీ బిల్లు ఉంటే పని సులువు. "బిల్లు లేకుండా తగ్గించి ఇస్తా" అన్న బేరానికి ఒప్పుకుంటే ఆ సరుకు అక్కడే కొన్నామని చూపడం కష్టమవుతుంది.