బండి పాతది, డీజిలు కొత్తది

టెక్సాస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో పట్టణం పుట్టుకకు యంత్రాల దాహమే కారణం. ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో ఈ దారిన వేసిన రైలుమార్గంలో ఆవిరి ఇంజన్లు నీటి కోసం ఆగే మజిలీగా ఈ ఊరు వెలిసింది. 1904లో ఆ రైల్వే సంస్థ ముద్దుపేరే ఊరి పేరుగా స్థిరపడింది. సెయింట్ లూయీ - శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వేను ఆనాటి జనం 'ఫ్రిస్కో' అని పిలిచేవారు. 1990 జనాభా లెక్కలలో 6,141 మంది ఉన్న ఈ ఊరు 2020 నాటికి 2,00,509 మందికి చేరింది. ఈ పెరుగుదలలో తెలుగువారి పాలు కూడా ఉన్నది. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ముంగిట ఆదివారం నాడు నిలిచే కార్లను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఆ కార్ల వరుసలో ఆకుపచ్చ, నలుపు, గోధుమ రంగు మచ్చలతో ఒక మిలిటరీ పికప్ నిలిచి ఉన్నదనుకుందాం. దానిని చూడగానే పెద్దలకు మన ఊళ్ళలోని 'మిలిటరీ డిస్పోజల్' జీపులు గుర్తుకు వస్తాయి. పిల్లలు ఎక్కి కూర్చుంటామంటారు. గృహిణులు మాత్రం "దీనిలో రోజూ ఆఫీసుకు వెళ్ళిరావచ్చునా?" అని అడుగుతారు. అసలు ప్రశ్న అదే. దీనికి సరైన సమాధానం ఇనుములో కంటె రసాయన శాస్త్రంలోనే ఎక్కువగా ఉన్నది.

ఏమిటీ బండి?

1980లలో అమెరికా సైన్యం వెనుక వరుసలలోని పనులకు ప్రత్యేక వాహనాన్ని రూపొందించుకొనే బదులు, మార్కెట్టులో ఉన్న వాహనాన్నే కొద్ది మార్పులతో కొనుగోలు చేసింది. జనరల్ మోటార్స్ సంస్థ 1984 నుంచి 1987 వరకు గల మోడళ్ళలో ఈ షెవ్రొలే బండ్లను అందించింది. వీటిలో ఎం-1008 టన్నుంబావు పికప్, ఎం-1009 ముప్పాతిక టన్ను బ్లేజర్, ఎం-1010 అంబులెన్సు. అన్నింటికీ 6.2 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల డీజిలు ఇంజనే. దాని శక్తి 135 హార్స్ పవర్. సైన్యం వీటిని వదిలించుకొన్న తరువాత ప్రభుత్వ వేలాల ద్వారా అవి ప్రజల చేతికి వచ్చాయి. పౌర వాహనం మీద ఆధారపడి తయారైనవి కనుక విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి.

విద్యుత్ వ్యవస్థలో మాత్రం సైనిక ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, స్టార్టరుకు 24 వోల్టులు ఇస్తారు. దీపాలు వగైరాలు 12 వోల్టులతోనే నడుస్తాయి. బ్యాటరీ దిగిపోయినప్పుడు పక్కింటివారి కారు నుంచి తీగ తెచ్చి తోచిన చోట తగిలిస్తే ప్రమాదం. ముందుగా ఏ ధ్రువం ఏ బ్యాటరీదో తెలుసుకొనడం యజమాని నేర్వవలసిన మొదటి పాఠం.

వేడితోనే మంట

డీజిలు ఇంజను మనకు కొత్తది కాదు. పొలం గట్టున చేతితో తిప్పి నడిపిన 'ఆయిల్ ఇంజను' చప్పుడు వింటూ పెరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనాన్ని అంటిస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగుభాగం వేడెక్కేది కూడా ఇందువల్లనే. ఈ పికప్ ఇంజనులో గాలి తన పరిమాణంలో ఇంచుమించు ఇరవై ఒకటో వంతుకు కుదించుకుపోతుంది. వేడి ఎటూ పోకుండా ఉంటే, లెక్క ప్రకారం ఆ గాలి 700 డిగ్రీల సెంటిగ్రేడును దాటాలి. వాస్తవంలో లోహపు గోడలు కొంత వేడిని లాగుకుంటాయి. అయినా డీజిలు తనంత తాను అంటుకొనడానికి 250 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రత చాలు.

ఈ ఇంజనులో ఇంధనం నేరుగా సిలిండరులోకి కాక, పక్కనున్న చిన్న గదిలోకి చిమ్ముతుంది. ఆ గది గోడల వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి నష్టమూ ఎక్కువే. అందువల్ల చల్లగా ఉన్న ఇంజనును లేపడానికి ఎనిమిది 'గ్లో ప్లగ్గులు' కావాలి. అవి 12 వోల్టులవి. 24 వోల్టుల విద్యుత్తు ఒక నిరోధకం గుండా తగ్గి వాటికి చేరుతుంది. రిలే ఇరుక్కుపోతే ఎనిమిది ప్లగ్గులూ ఒకేసారి కాలిపోవచ్చు. అందుకే పలువురు యజమానులు నిరోధకాన్ని తొలగించి, మొదటి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చేటట్లు మార్చుకుంటారు.

గంధకం పోయింది, దానితో మరేమి పోయింది?

బండి నలభై ఏళ్ళుగా మారలేదు. మారినది డీజిలు. ఈ ఇంజన్లు తయారైన రోజులలో మామూలు డీజిలులో పది లక్షల పాళ్ళకు 5,000 పాళ్ళ వరకు గంధకం ఉండవచ్చునన్నది ప్రమాణం. 1993 అక్టోబరు నుంచి రోడ్డు వాహనాల డీజిలుకు ఆ పరిమితి 500కు, 2006లో 15కు తగ్గింది. గంధకం కాలితే సల్ఫర్ డయాక్సైడు, ఆపైన సల్ఫేటు ధూళి ఏర్పడతాయి. కొత్త బండ్ల పొగ గొట్టాలలోని ఉత్ప్రేరకాలు కూడా దానివల్ల పాడవుతాయి. కాబట్టి ఈ మార్పు మేలైనదే.

"గంధకమే పాత పంపుకు కందెన, అది పోయింది కనుక పంపు అరిగిపోతుంది" అని పలువురు చెబుతారు. ఇది సగం నిజం. గంధకాన్ని తీసివేయడానికి శుద్ధి కర్మాగారంలో డీజిలును అధిక పీడనం వద్ద, ఉత్ప్రేరకం సమక్షంలో హైడ్రోజనుతో చర్య జరిపిస్తారు. గంధకం హైడ్రోజన్ సల్ఫైడుగా వెళ్ళిపోతుంది. అదే చర్యలో, స్వల్ప పరిమాణంలో ఉన్న ఆక్సిజన్, నైట్రోజన్ కలిగిన ధ్రువ అణువులు కూడా తొలగిపోతాయి. లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకొని పలుచని పొరగా కాపాడేవి ముఖ్యంగా ఆ అణువులే. అంటే దొంగతో పాటు కావలివాడు కూడా ఇల్లు వదిలిపోయినట్లయింది.

ఈ పికప్‌లోని ఇంధన పంపుకు వేరే కందెన లేదు. తాను పంపే డీజిలే దానికి కందెన. అయితే 2005 నుంచి అమెరికా డీజిలు ప్రమాణంలో కందెన గుణానికి కూడా ఒక పరీక్ష చేరింది. ఉక్కు గోళిని డీజిలులో ముంచి పలక మీద రాపిడి చేస్తే ఏర్పడే అరుగుడు మచ్చ 520 మైక్రానులు మించరాదు. ఇందుకోసం అమ్మకానికి ముందే అవసరమైన మేరకు కొవ్వు ఆమ్లాల వంటి ధ్రువ పదార్థాలు కలుపుతారు. ఒకటి రెండు శాతం బయోడీజిలు కలిసినా ఆ గుణం బాగా మెరుగవుతుంది. కనుక పేరున్న బంకులో డీజిలు పోయించుకొనేవారు కంగారుపడవలసిన పని లేదు. వాడిన ఇంజను ఆయిలును ట్యాంకులో కలపడం మాత్రం మంచిది కాదు. అందులోని లోహపు పొడి, బూడిద సూక్ష్మమైన భాగాలను దెబ్బతీస్తాయి.

రబ్బరు చెప్పే కథ

కందెన కంటె ముందు ఇబ్బంది పెట్టేది రబ్బరు. ఆ కాలపు వాషర్లు ఎక్కువగా నైట్రైల్ రబ్బరుతో చేసినవి. బెంజీను వలయాలు గల ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఈ రబ్బరులోకి దూరి దానిని కొద్దిగా ఉబ్బిస్తాయి. ఏళ్ళ తరబడి అలా ఉబ్బి, గట్టిపడి, ఆ రూపంలోనే స్థిరపడిన వాషరుకు ఒక్కసారిగా ఆరోమాటిక్కులు తక్కువగా ఉన్న డీజిలు తగిలిందనుకుందాం. లోపలి అణువులు బయటకు జారిపోతాయి, రబ్బరు ముడుచుకుంటుంది, సందు ఏర్పడుతుంది, డీజిలు కారుతుంది. 1993లో కొత్త డీజిలు వచ్చినప్పుడు కాలిఫోర్నియాలో పాత బండ్లకు ఇటువంటి ఇబ్బందులే ఎదురయ్యాయి.

ఫ్రిస్కోవాసులకు ఈ విషయం మరింత ముఖ్యం. తూర్పు, మధ్య టెక్సాస్‌లోని 110 కౌంటీలలో 2005 చివర నుంచి ప్రత్యేక డీజిలు నిబంధన అమలులోకి వచ్చింది. ఫ్రిస్కో వ్యాపించిన కాలిన్, డెంటన్ కౌంటీలు అందులోనివే. ఆరోమాటిక్కులు ఘనపరిమాణంలో 10 శాతం మించరాదు, సీటేను సంఖ్య 48కి తగ్గరాదు, లేదా అంతే ఫలితమిచ్చే ఆమోదిత మిశ్రమమై ఉండాలి అన్నది ఆ నిబంధన. నైట్రోజన్ ఆక్సైడులను, తద్వారా వేసవిలో ఏర్పడే ఓజోనును తగ్గించడం దాని లక్ష్యం. కాబట్టి వేరే రాష్ట్రంలో ఏళ్ళు గడిపిన మిలిటరీ బండిని ఫ్రిస్కోకు తెచ్చుకున్నవారు మొదటి నెలలలో పంపు చుట్టూ, గొట్టాల కీళ్ళ వద్ద తడి ఉన్నదేమో చూసుకోవాలి. పాత వాషర్లను ఫ్లోరిన్ గల వైటాన్ రకంతో మార్పిస్తే ఈ బెడద తీరుతుంది. పంపు లోపల గవర్నరుకు అమర్చిన సాగే రింగు కూడా ముసలిదై పొడిగా రాలి, డీజిలు తిరిగి వెళ్ళే దారిని మూసివేస్తుంది. దానిని కూడా అప్పుడే మార్పించడం ఉత్తమం.

నెయ్యిలా పేరుకొనే ఇంధనం

సీటేను సంఖ్య అంటే ఇంధనం ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలమానం. పదహారు కార్బను పరమాణువులు ఒకే గొలుసుగా నిలిచిన సీటేనుకు 100 మార్కులు ఇచ్చారు. ఇక్కడ ప్రకృతి ఒక చిక్కు పెట్టింది. తేలికగా అంటుకొనే ఈ తిన్నని గొలుసులే చలిలో పక్కపక్కన చేరి తేలికగా గడ్డకడతాయి. శుద్ధమైన సీటేను 18 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ఘనీభవిస్తుంది! చలికాలంలో గిన్నెలోని నెయ్యి పేరుకొన్నట్లే డీజిలులోని మైనం స్ఫటికాలై వడపోత కాగితాన్ని మూసివేస్తుంది.

2021 ఫిబ్రవరి 16న డల్లస్ - ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 2 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే సుమారు మైనస్ 19 సెంటిగ్రేడుకు పడిపోయింది. అటువంటి చలి ముంచుకొస్తున్నదని వార్త వినగానే, ముందుగానే, స్ఫటికాలను చిన్నవిగా ఉంచే ద్రవాన్ని ట్యాంకులో కలుపుకోవాలి. ఒకసారి మైనం పేరుకొన్నాక ఆ మందు అంతగా పనిచేయదు.

వంట నూనె పోయవచ్చునా?

1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఈ సంగతి తెలిసినవారికి పకోడీలు వేయించిన నూనెను ట్యాంకులో పోయాలనే ఊహ కలగడం సహజం. కాని నూనె చిక్కదనం డీజిలు కంటె సుమారు పది రెట్లు. అది సన్నని తుంపరగా విడిపోదు. సగం కాలి, సూదులపై మసి కడుతుంది. అదే నూనెను మిథనాలుతో, క్షారం సమక్షంలో చర్య జరిపించి గ్లిసరాలును వేరు చేస్తే పలుచని బయోడీజిలు వస్తుంది. మిథనాలు విషం, దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కాబట్టి ఇంటి గరాజులో ఆ ప్రయోగం తగదు.

రోజువారీ ప్రయాణపు లెక్క

ఎం-1008 వెనుక ఇరుసు పళ్ళ నిష్పత్తి 4.56, గేర్లు మూడే, ఓవర్‌డ్రైవ్ లేదు. గంటకు 60 మైళ్ళ వేగంలో ఇంజను నిమిషానికి దాదాపు 3,000 సార్లు తిరుగుతుంది. 70 మైళ్ళ వద్ద 3,500కు చేరుతుంది. దాని శక్తి గరిష్ఠానికి చేరేది 3,600 వద్ద. అంటే డల్లస్ నార్త్ టోల్‌వే మీద తక్కిన కార్లతో సమానంగా పోవడమంటే ఈ బండికి రోజంతా పరుగుపందెమే. ఎం-1009 నిష్పత్తి 3.08 కనుక అది కొంత నయం. రెండింటిలోనూ ఎయిర్ కండిషనరు లేదు, గాలిసంచులు లేవు. నూరు డిగ్రీల ఫారెన్‌హీటు దాటే ఫ్రిస్కో వేసవిలో, చిన్నపిల్లలను ఎక్కించుకొని పోయేవారికి ఇవి చిన్న లోపాలు కావు.

ఇక పొగ సంగతి. ఈ కౌంటీలలో పెట్రోలు కార్లకు పొగ పరీక్ష ఉన్నది, డీజిలు బండ్లకు లేదు. 2025 జనవరి నుంచి సొంత వాహనాలకు వార్షిక భద్రతా తనిఖీ కూడా టెక్సాస్‌లో తొలగింది. అంటే బ్రేకులు సరిగా ఉన్నాయా, పొగ నల్లగా ఉన్నదా అని అడిగేవారు ఎవరూ లేరు. అడగవలసినది యజమానియే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధక సంస్థ 2012 జూన్‌లో డీజిలు పొగను మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2007 తరువాతి డీజిలు బండ్లలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. 1984 నాటి ఇంజనుకు అది లేదు. డీజిలు ఎంత శుభ్రమైనా, మసి వచ్చేది కార్బను నుంచే కాని గంధకం నుంచి మాత్రమే కాదు.

ఫ్రిస్కోలోని ఇళ్ళలో గరాజు సాధారణంగా ఇంటిలో భాగమే. ఉదయం బండిని 'వేడెక్కనిద్దామని' అక్కడే నడుపుతూ వదిలేస్తే ఆ మసి తలుపు సందుల గుండా పడకగదులలోకి చేరుతుంది. బండిని బయటకు తెచ్చిన తరువాతనే ఇంజనును వేడెక్కనివ్వాలి. ఇంధనపు సూదులను పరీక్షింపజేయడం, గాలి వడపోతను శుభ్రంగా ఉంచడం, పంపు సమయాన్ని సరిచేయించడం వల్ల నల్లపొగ చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి గృహిణి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇది. ఊరిలోని దగ్గరి పనులకు, సామాను మోయడానికి, ఉగాది సంబరాలకు కుర్చీలు, పందిరి గుంజలు చేరవేయడానికి ఈ బండి బాగా పనికివస్తుంది. రోజూ టోల్‌వే మీద ముప్పై మైళ్ళు పోవడానికి, పిల్లలను బడికి దింపడానికి ఇంట్లో మరొక కారు ఉండటం మంచిది. సైన్యంలో ఈ బండికి కాలపట్టిక ప్రకారం సేవ చేసే మెకానిక్కులు ఉండేవారు. ఇంటికి వచ్చాక ఆ విధి మొత్తం యజమాని భుజాన పడుతుంది. తన ట్యాంకులో ఏ అణువులు పోస్తున్నాడో, పొగ గొట్టం నుంచి ఏ అణువులు వదులుతున్నాడో తెలిసినవాడే ఆ విధిని నెరవేర్చగలడు.