జైల్లో పోయిన ప్రాణానికి జవాబుదారీ ఎవరు?

కమాన్‌పూర్‌లో జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన అడిగారు: "మౌలానా సాబ్, సర్కారు నౌకరు చేసిన తప్పుకు సర్కారు మీద దావా వేసి తెచ్చుకున్న పైసలు హలాలేనా?" బొగ్గు గనుల ప్రాంతంలో నష్టపరిహారం అనే మాట తెలియని ఇల్లు లేదు. అందుకే ఈ ప్రశ్నను ఒక తీర్పు వెలుగులో పరిశీలిద్దాం.

1977 మే నెల. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో తండ్రీకొడుకులు రిమాండులో ఉన్నారు. ప్రాణహాని ఉంది, కాపలా పెట్టండని ముందే మొరపెట్టుకున్నారు. 5వ తేదీ అర్ధరాత్రి దాటాక దుండగులు లోపలికి చొరబడి బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయాలతో బతికాడు. కుటుంబం 10 లక్షలకు దావా వేస్తే, గడువు దాటిందని కింది కోర్టు కొట్టివేసింది.

ప్రభుత్వం మరో వాదన కూడా తెచ్చింది. జైళ్ళ నిర్వహణ రాజ్యాధికారానికి చెందిన పని, అందులో జరిగిన పొరపాటుకు రాజ్యం పరిహారం చెల్లించనక్కర్లేదని! 1964లో సుప్రీంకోర్టు కస్తూరిలాల్ కేసులో ఇలాంటి రక్షణనే ఒప్పుకుంది. పోలీసులు పట్టుకున్న బంగారాన్ని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుపోయినా యజమానికి ఏమీ దక్కలేదు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. ఏడాది గడువు చట్టాన్ని అనుసరించి చేసిన పనులకే, కాపలా విషయంలో చూపిన నిర్లక్ష్యానికి మూడేళ్ళ గడువు వర్తిస్తుంది అన్నది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన ప్రాణహక్కు ముందు రాజ్యాధికారమనే డాలు పనిచేయదని తేల్చి, 1,44,000 రూపాయలు 6 శాతం వడ్డీతో ఇమ్మన్నది. 2000లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాణహక్కు పోదు కదా!

ఈ సందర్భంలో హిజ్రీ 8వ సంవత్సరపు సంఘటన గుర్తుకొస్తుంది. హజ్రత్ ఖాలిద్ (ర) దళం బనూ జజీమా తెగవారిని పొరపాటుగా చంపినప్పుడు, దైవప్రవక్త (స) ఆ పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్ ముందు ప్రకటించారు. అంతటితో ఊరుకోలేదు. హజ్రత్ అలీ (ర)ను ధనంతో పంపారు. ఆయన ప్రాణాలకు దియత్ చెల్లించారు, పోయిన సొత్తుకు, చివరికి కుక్క నీళ్ళు తాగే తొట్టెకు సైతం వెల కట్టి ఇచ్చారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. తప్పు చేసింది సేనాని, చెల్లించింది పాలకుడు. (కోర్టు పరిహారం అచ్చంగా దియత్ అని నేననడం లేదు, లెక్కలు వేరు.)

కనుక పెద్దాయనకు చెప్పాను: "చాచా, అసలు సొమ్ము మీ హక్కు, సంకోచించకండి. వడ్డీ భాగం మాత్రం విడిగా ఉంచి ముఫ్తీ సాబ్‌ను అడగండి. దావా వేసేవారుంటే గడువు ఎప్పటితో ముగుస్తుందో ముందు వకీలు దగ్గర తెలుసుకోమనండి."